తషఖ్ఖుస్ అంటే అస్తిత్వమేనా?

తెలుగులో అస్తిత్వం అంటున్నదాన్ని ఉర్దూలో తషఖ్ఖుస్ అంటారు. ఇంట్లో ఉర్దూ, పత్రికలో తెలుగు వాడే మాకు ఈ రెండు మాటలూ ఒకటేనా అన్న అనుమానం పాతదే.

తషఖ్ఖుస్ అరబ్బీ తత్వవేత్తల మాట. ఒకే జాతి వస్తువుల్లో ఇది ఇదే ఎందుకయింది, అది ఎందుకు కాలేదు అన్నది దాని ప్రశ్న. 1037లో చనిపోయిన ఇబ్న్ సీనా, గుర్రపుతనం ఒకటీ కాదు, అనేకమూ కాదు, ఉత్త గుర్రపుతనమే అన్నాడు. మరి దాన్ని 'ఈ గుర్రం' చేసేదేమిటి? పదార్థం అన్న జవాబు యూరప్‌లోనూ చాలాకాలం చెల్లింది.

ఏలూరు తివాచీలనే చూడండి. ఏలూరు సర్కారును 1753లో సలాబత్ జంగ్ ఫ్రెంచివాళ్ళకిచ్చాడు. 1766లో నిజాం అలీ ఇంగ్లీషువాళ్ళకి రాసిచ్చాడు. దొరలు మారినా పర్షియన్ పద్ధతిలో ముడులు వేసే ముస్లిం కుటుంబాలు మగ్గం వదల్లేదు. ఒకే నమూనాతో నేసిన రెండు తివాచీలను రెండుగా చేసేది ఉన్నే అనుకోవచ్చు. మనిషి విషయంలో మాకీ జవాబు చాలదు. 17వ శతాబ్దపు షీరాజ్ తత్వవేత్త ముల్లా సద్రా, తషఖ్ఖుస్ వచ్చేది వుజూద్ వల్లనే, అంటే ఉనికి వల్లనే అన్నాడు. అస్తిత్వం అన్న మాట ఎంచుకున్న తెలుగువాళ్ళు తెలియకుండానే సద్రా పక్షం చేరారన్నమాట!

కొల్లేట్లో దిగితే జీవశాస్త్రం ఇంకో చిక్కు పెడుతుంది. గుర్రపుడెక్క తల్లిమొక్క పిలక వేస్తుంది, పిలక మళ్ళీ పిలక వేస్తుంది, మధ్య కాడ తెగితే అదే వేరే మొక్క. నీళ్ళమీద పరుచుకున్న ఆ పచ్చదనంలో మొక్కలెన్ని? పుట్టుక లెక్కన ఒకటే కావచ్చు, పీకి గట్టున వేసే కూలికి వేలు. లెక్క ఎవరు వేస్తున్నారు, ఎందుకు వేస్తున్నారు అన్నదే ముఖ్యం.

మమ్మల్ని లెక్కపెట్టిన తీరూ ఇంతే. అల్లర్లప్పుడు అందరం ఒకే ముద్ద, 'సాయిబులు'. 2007 చట్టం మాలోంచి అత్తరు సాయిబులు, ఫకీర్లు, గారడీవాళ్ళు, సిద్దీలు, షేక్‌లు అంటూ పేర్లు విడదీసి బీసీ-ఇ చేసింది. దూదేకులవాళ్ళు అంతకు ముందునుంచే బీసీ-బిలో ఉన్నారు. సయ్యద్‌లూ పఠాన్‌లూ బయట ఉండిపోయారు. ఆ చట్టం అక్కర్లేదనడం లేదు, అది లేకపోతే మా పిల్లలకి సీట్లెక్కడివి? కాని అది పైనుంచి పెట్టిన పేరు. అన్నట్టు, 2022 ఏప్రిల్ 4న ఏలూరు వేరే జిల్లా అయి, తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయింది. అటూ ఇటూ ఉన్న చుట్టాలం తెల్లారేసరికి రెండు జిల్లాలవాళ్ళమయ్యాం.

లోపలినుంచి వచ్చేది వేరు. ఇక్బాల్ 1915లో దాన్ని ఖుదీ అన్నాడు. యూంగ్ 1921లో ఇండివిడ్యుయేషన్ అన్నాడు: మనిషి గుంపు అచ్చులోంచి బయటపడి తానుగా రూపొందడం, అయినా గుంపునుంచి తెగిపోకపోవడం. మాకు గుంపులు రెండు. జనాభా లెక్కల కాగితంలో మాతృభాషకి ఒక్క గడే ఉంటుంది. అందులో ఉర్దూ అని రాస్తే తెలుగు 'తెలిసిన ఇతర భాష' అవుతుంది, తెలుగు అని రాస్తే ఉర్దూ.