ఆ ఇంటి వాసాలు ఎవరు లెక్కపెట్టాలి?



‘తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం’ అనే సామెత మనందరికీ తెలిసిందే. మేలు చేసినవాళ్ళకే కీడు తలపెట్టే మనుషుల్ని అలా అంటాం. పెంకుటింట్లో వెల్లకిలా పడుకుంటే పైన కనబడేవి వాసాలే కదండీ! అన్నం పెట్టిన ఇంటికే ఎసరు పెట్టే బుద్ధి అన్నమాట. ఈ మాట నిరుడు మా అమ్మను అన్నారు. ఎందుకన్నారో చెప్పేముందు ఆ ఇంటి సంగతి చెప్పాలి.

మా అమ్మ పుట్టిల్లు కోనసీమలో ఒక మండువా లోగిలి. వీధి అరుగులు ఎక్కి, గడప దాటి లోపలికి వెళితే ఇంటి నడిమధ్యన ఆకాశం కనబడుతుంది. అదే మండువా. నాలుగువైపులా పెంకుల కప్పు దానిలోకే వాలి ఉంటుంది. వానొస్తే ఆ చూరుల నీళ్ళన్నీ మండువాలో పడి, తూము గుండా బయటికి పోతాయి. ఇంటికి గాలీ వెలుతురూ కూడా అక్కడినుంచే.

బయటి గోడలు మట్టివి, మూరెడు మందం. లోపలివైపు కప్పు బరువు మోసేది మాత్రం కర్రే. మండువా చుట్టూ టేకు స్తంభాలు. చెమ్మా చెదా ఎక్కకుండా ఒక్కొక్కదాని కింద ఒక రాతి దిమ్మ. స్తంభాల మీద దూలాలు, దూలాల మీద వాసాలు, వాసాల మీద అడ్డబద్దలు, ఆపైన పెంకులు. పెద్ద కర్రలను కలిపేది మేకులు కావు. ఒకదానికి కుసి చెక్కి, ఇంకొకదాని బెజ్జంలో బిగిస్తారు. అందుకే ఇలాంటి ఇంటిని విప్పవచ్చు, విప్పి మరోచోట నిలబెట్టవచ్చు. అమ్ముకోనూవచ్చు.

వరిచేలూ కొబ్బరితోటలూ తప్ప అడవి లేని కోనసీమకు ఇంత టేకు ఎలా వచ్చింది? పైనున్న కొండల అడవుల్లో కొట్టిన కర్రను తెప్పలుగా కట్టి గోదావరి మీద రాజమండ్రికి దించేవారు. అక్కడినుంచి కాలువల్లో పడవలు తిరిగేవి. ఆ కాలువలు ధవళేశ్వరం ఆనకట్ట చలవే. 1833 నాటి ఘోరమైన కరువు తరువాత, ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయింది. నీళ్ళతో పంట, పంటతో డబ్బు, డబ్బుతో టేకు దూలాలు. అయితే అందరికీ కాదు సుమండీ! ఆ పొలాల్లో నాట్లు వేసిన ఆడకూలీలకు తాటి వాసాలూ, తాటాకు కప్పులే మిగిలాయి.

లోగిలిలోనైనా అందరి చోటూ ఒకటి కాదు. అరుగూ సావిడీ మగవాళ్ళవి. పువ్వులు చెక్కిన స్తంభాలూ అక్కడే. వంటిల్లు వెనకాల, పొగలో. అక్కడి గుంజలకు చెక్కడాలుండవు. మా పెద్దమ్మ పదిహేడో ఏట భర్తను పోగొట్టుకుని పుట్టింటికి వచ్చి, యాభై ఏళ్ళు ఆ వెనక వసారాలోనే గడిపింది. ఆ ఇంట్లో ఆమె చేతి మీదుగా తినని మనిషి లేడు.

మా తాతగారు 1968లో విల్లు రాయకుండా పోయారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం తండ్రి ఆస్తిలో కూతురికీ వాటా ఇచ్చింది. కాని అందులోనే 23వ సెక్షన్ ఒకటి ఉండేది. కుటుంబం కాపురముంటున్న ఇంటిని మగ వారసులు తమంతట తాము పంచుకునేదాకా, ఆడ వారసులు పంపకం అడగకూడదు. పెళ్ళికాని కూతురికీ, భర్త పోయినా విడిచినా వచ్చిన కూతురికీ ఉండే హక్కు మాత్రం ఉంది. అంటే మా పెద్దమ్మకు ఉండే హక్కు ఉంది, అడిగే హక్కు లేదు. 1985లో మన రాష్ట్రం చట్టం మార్చి, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు కల్పించింది. అది మా అమ్మకూ, పెద్దమ్మకూ వర్తించలేదు. 23వ సెక్షన్‌ను 2005లో తీసేశారు. పెద్దమ్మ 1998లోనే పోయింది.

నిరుడు మా మామయ్యల పిల్లలు ఇల్లు అమ్మదలచారు. కర్రల వ్యాపారి వచ్చి స్తంభాలు తట్టి చూశాడు, వాసాలు లెక్కపెట్టాడు. అతన్నెవరూ ఏమీ అనలేదు. స్థలం కొనేవాళ్ళు అమ్మ సంతకం కూడా కావాలన్నారు. కాగితం తెచ్చారు. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని మొదటినుంచీ చదివి, “నా వాటా ఎక్కడ రాశార్రా?” అని అడిగింది.

“ఏమిటత్తా, తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?” అన్నాడు పెద్ద మేనల్లుడు.

“తిన్న ఇల్లు కాదురా, పుట్టిన ఇల్లు. మా అక్క వండిపెట్టిన ఇల్లు” అంది అమ్మ.

ఆ సాయంత్రం ఎవరూ భోజనం చేయలేదు. నెల తరువాత కాగితం మార్చి తెచ్చారు. అమ్మ సంతకం పెట్టింది. ఇల్లు విప్పారు. చెక్కిన స్తంభాలన్నీ లారీ ఎక్కాయి. వెనక వసారా గుంజలు మాత్రం వంటచెరుకుగా పోయాయి.

ఇలాంటి లోగిళ్ళు ఇంకా అక్కడక్కడా నిలిచి ఉన్నాయి. మీ పుట్టింటివైపు అలాంటిది ఉంటే ఒకసారి వెళ్ళి చూడండి. సావిడి స్తంభాలతో పాటు పొగపట్టిన గుంజల్నీ ఫోటో తీయించండి. అక్కడ ఎవరు బతికారో పెద్దవాళ్ళనడిగి రాసి ఉంచండి. ఏదైనా కాగితం సంతకానికి వస్తే మాత్రం చదవకుండా పెట్టకండి. వాసాలు లెక్కపెట్టడం తప్పేమీ కాదు.

సెలవు.