నియమము వ్రాసినంతనే చాలునా?



గత సంవత్సరము మేము చిత్తూరులోని మా అత్తగారికి ఫోనులో ఒక శుభలేఖ పంపితిమి. మా ఫోనులో చక్కగా నున్న 'లక్ష్మి' అను పేరు, ఆమె ఫోనులో ముక్కలై, నడుమ చుక్కల సున్నతో కనబడినది. శుభలేఖలో అమ్మాయి పేరు విరుగుట ఏమని ఆమె నొచ్చుకొనిరి. వ్రాసినది ఒకటే, ఫోనులు రెండు. ఇట్లేల జరుగునని విచారింపబోగా ఒక చరిత్రయే బయటపడినది. దానిని మన రైలు దారి నుండియే ఆరంభించెదము.

1856వ సంవత్సరము జూలై 1వ తేదీన రాయపురము నుండి వాలాజా రోడ్డు వరకు దక్షిణదేశపు తొలి రైలు దారి తెరువబడినది. అది మన తిరువళ్ళూరు మీదుగానే పోయినది. పట్టాల నడుమ కొలత 5 అడుగుల 6 అంగుళములు, అనగా 1676 మిల్లీమీటర్లు. కాగితముపై వ్రాసియున్నది గదా యని ఎవరైన ఊరకుందురా? తిరువళ్ళూరు నుండి అరక్కోణము మీదుగా తిరుత్తణి వరకు ప్రతి వంపునందును గేజి పెట్టి కొలిచి చూడవలసినదే. నియమము ఒక్కటే, నేల మాత్రము పలు విధములు.

కంప్యూటరునకైనను, సెల్‌ఫోనునకైనను తెరపై బొమ్మను గీయుటకు ఒక చిప్పు కలదు. దానికి ఆజ్ఞల నందించు ప్రోగ్రామును గ్రాఫిక్స్ డ్రైవరు అందురు. ఇంజను ఏ కార్ఖానాలో తయారైనను డ్రైవరు సిగ్నలును ఒకే విధముగా గ్రహింపవలెను గదా! ఇచ్చటను అంతే. ఒకప్పుడు ఒక్కొక్క కంపెనీ యంత్రమునకు ఒక్కొక్క పద్ధతి యుండెడిది. 1992లో అమెరికాలోని సిలికాన్ గ్రాఫిక్స్ కంపెనీ ఓపెన్‌జీఎల్ అను ఉమ్మడి నియమావళిని వెలువరించినది. దానిని నడుపుటకు పలు కంపెనీల మండలి ఏర్పడినది. పరీక్షలో నెగ్గనిదే ఆ పేరు పెట్టుకొనరాదని కట్టడి చేసిరి. 2006లో ఆ బాధ్యత క్రోనోస్ అను సంఘమునకు సంక్రమించెను. 2016 ఫిబ్రవరి 16న ఆ సంఘమే వల్కన్ అను క్రొత్త నియమావళిని విడుదల చేసినది.

ఈ పరీక్ష యెట్టిదనగా, చిన్న బొమ్మ నొకదానిని గీయుమని యంత్రమునకు ఆజ్ఞాపింతురు. గీసిన దానిని చుక్క చుక్కగా చదివి, ఉండవలసిన రూపముతో పోల్చుదురు. నియమము అనుమతించిన కొద్దిపాటి తేడాను మన్నింతురు, మించిన తప్పినట్లే. ఇట్టి ప్రశ్నలు వేలు, లక్షలు ఉండును. ఫలితముల నన్నిటిని సంఘమునకు పంపగా ఇతర సభ్యులు పరిశీలింతురు. ఒకే చిప్పు విండోసులో నెగ్గి లినక్సులో తప్పవచ్చును. ఆండ్రాయిడులో మరియొక విధముగా నడువవచ్చును. ఏలయన జ్ఞాపకస్థలము నిచ్చు పద్ధతియు, పనులను వరుస పెట్టు పద్ధతియు ఒక్కొక్క వేదికపై ఒక్కొక్క తీరు. కావున ప్రతి వేదికపైనను మరల పరీక్షింపవలెను.

ఫిన్లాండులోని డ్రాఎలిమెంట్స్ అను చిన్న కంపెనీ ఇట్టి పరీక్షలలో పేరు గాంచినది. 2014లో గూగులు దానిని కొని, ఆ పరీక్షలను ఆండ్రాయిడుతో పాటు అందరికిని బహిరంగపరచినది. ప్రశ్నపత్రము అందరి చేతికి వచ్చుటచే మేలే జరిగినది. 2024 ఫిబ్రవరిలో ఆపిల్ ఎం1 చిప్పునకు బయటివారు వ్రాసిన లినక్సు డ్రైవరు, లక్షకు మించిన పరీక్షలలో నెగ్గి ఓపెన్‌జీఎల్ 4.6 గుర్తింపును పొందినది.

అయినను మా 'లక్ష్మి' విరిగినది డ్రైవరు వలన కాదు. అచ్చు యంత్రము నడుపువాడు వేరు, అక్షరములు కూర్చు కంపోజిటరు వేరు గదా! ఫోనులోను ఈ యిరువురు కలరు. 1991లో వెలువడిన యూనికోడు తొలి కూర్పులోనే తెలుగునకు 128 గళ్ళు కేటాయించిరి. అందు 'జ్ఞా' అని వ్రాయుటకు జ, పొల్లు, ఞ, దీర్ఘము అని నాలుగు సంకేతములు వరుసగా నిలుచును. వానిని ఒక్క రూపుగా కూర్చుట కంపోజిటరు పని. అతడు తప్పినచో డ్రైవరు ఆ తప్పునే చక్కగా గీయును.

కంపోజిటరునకును పరీక్షలు జరిగినవి. హార్ఫ్‌బజ్ అను బహిరంగ సాధనమును నేడు ఆండ్రాయిడు, ఫైర్‌ఫాక్సు మొదలగునవి వాడుచున్నవి. దానిని రూపొందించినవారు 2012 ప్రాంతమున వికీపీడియా నుండి తెలుగు పదములను తీసికొని, విండోసు కూర్చిన రూపములతో పోల్చి చూచిరి. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియాలో ఎవరో తమ ఊరి గూర్చి, పంటల గూర్చి వ్రాసికొన్న మాటలే ప్రశ్నపత్రమైనవి!

అడుగని ప్రశ్న యెంత చేటో 2018 ఫిబ్రవరిలో లోకము చూచినది. 'జ్ఞా'లో దీర్ఘమునకు ముందు కంటికి కనబడని విడదీత గుర్తు ఒకటి చేరినచో, 11.2.5 కూర్పు గల ఐఫోనులలో ఆప్‌లు మూసికొనిపోయెడివి. ఒక్కొక్కప్పుడు ఫోనే స్తంభించెడిది. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 కూర్పుతో దానిని సరిదిద్దినది. పత్రికలు దానిని 'తెలుగు అక్షరపు బెడద' యనెను. అక్షరము దోషమేమియు లేదు. ఆ వరుసను ముందుగా అడిగి చూచినవారు లేకపోయిరి.

ఇందు మనకేమి పని యందురా? తిరుత్తణి 1960 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లాను వీడి మదరాసు రాష్ట్రమున చేరినది. గీత మారినను చుట్టరికములు మారలేదు. మన పిల్లలలో పెక్కుమంది బడిలో తమిళము, ఇంగ్లీషు చదువుచున్నారు. వారికి తెలుగక్షరము కనబడు చోటు ఎక్కువగా ఫోను తెరయే. అచ్చట అది విరిగి కనబడిన, విరిగిన దానినే తెలుగనుకొందురు.

కావున మా మనవి యిది. ఈ ఉగాది శుభాకాంక్షలను ఇంగ్లీషు అక్షరములలో గాక తెలుగు లిపిలోనే పంపుడు. ఎక్కడైన వత్తు విరిగినచో నవ్వి ఊరకుండక, ఏ ఫోను, ఏ కూర్పు, ఏ పదము అని వ్రాసి దానిని చేసినవారికి తెలుపుడు. గేజి పట్టు గాంగుమన్ పని చిన్నదే. అతడు చూచెనన్న నమ్మకముతోనే రైలెక్కి నిద్రపోవుచున్నాము.