కఱ్ఱకూర్పు కారు: శిథిలము, పునరుద్ధరణము

మోటారు బండి యనగానే ఇనుము, రబ్బరు, పెట్రోలు స్ఫురించును గాని కఱ్ఱ స్ఫురింపదు. అయినను తొలినాటి కార్ల మేనులు వడ్రంగుల చేతులలోనే పుట్టినవి. ఇంగ్లండులో గుఱ్ఱపు బగ్గీలను చేయుచుండిన పనివారే కార్ల పైకట్టును కూడ కూర్చిరి. వారు ప్రధానముగా వాడిన కఱ్ఱ 'ఆష్' అను చెట్టుది. మన పల్లెలలో బండి చక్రమునకు నల్లతుమ్మ యెట్లో వారి బండ్లకు ఆష్ అట్టిది. కుదుపు తగిలినపుడు విఱుగక, కొంత వంగి మరల నిలుచును. ఆ కఱ్ఱ చట్రముపై ఉక్కు రేకులనో అల్యూమినియము రేకులనో తొడిగెడివారు.

ఈ పద్ధతిని ఉక్కు రేకులను అచ్చొత్తు యంత్రములు వెనుకకు నెట్టినవి. అమెరికాలో ఎడ్వర్డు బడ్ సంస్థ 1914 ప్రాంతమున డాడ్జి సోదరుల కార్లకు ఉక్కు మేనులు చేయ నారంభించెను. 1926లో ఆ సంస్థతో కలిసి విలియం మోరిస్ ఆక్స్‌ఫర్డు చెంతనున్న కౌలీలో ప్రెస్‌డ్ స్టీల్ కంపెనీని నెలకొల్పెను. అచ్చొత్తిన ఉక్కు మేనిని ఇంగ్లండునకు తెచ్చిన ఆ మోరిస్ పేరు మోసిన కారే, పావు శతాబ్దము పిమ్మట, కఱ్ఱకూర్పునకు కడపటి ఆశ్రయములలో ఒకటి యగుట చరిత్రలోని వింత.

అలెక్ ఇస్సిగోనిస్ రూపొందించిన మోరిస్ మైనర్ 1948లో లండనులోని ఎర్ల్స్ కోర్టు ప్రదర్శనమున వెలువడెను. 1961 ఆరంభమునకు పది లక్షల కార్లు తయారైనవి. బ్రిటిషు కార్లలో ఆ సంఖ్యను మొదట అందుకొన్నది ఇదియే. మన దేశమున హిందుస్థాన్ మోటార్స్ వారు దీనినే 'బేబీ హిందుస్థాన్' పేర వెలువరించిరి. ఇందులో ట్రావెలర్ అను రకము 1953లో వచ్చినది. ముందు భాగము ఉక్కు. తలుపుల వెనుక భాగమంతయు ఆష్ చట్రము, దాని నడుమ అల్యూమినియము రేకులు. 1971లో నిర్మాణము ఆగువరకు రమారమి రెండు లక్షల ట్రావెలర్లు బయలువెడలినవి. 1960లో వచ్చిన మినీ ట్రావెలర్‌కు అతికించిన కఱ్ఱ కేవలము అలంకారము. మైనర్ ట్రావెలర్ కఱ్ఱ అట్టిది కాదు. పైకప్పును, ప్రక్కలను, వెనుక తలుపులను మోయునది అదియే. అందుచేత అది కుళ్ళినచో చెడునది అందము మాత్రమే కాదు. ప్రయాణికుల రక్షణ కూడ.

ఆష్ బలమైనదే గాని తేమకు తాళునది కాదు. కఱ్ఱలో తేమ నూటికి ఇరువది పాళ్ళు మించి నిలిచినచో శిలీంధ్రము పట్టును. జరుపు అద్దముల క్రింది గాడిలో చెత్త చేరి నీరు నిలుచును, వార్నిషు పగిలినచోట వాన చొచ్చును, కఱ్ఱ నల్లబడును. పైకి నునుపుగా కానవచ్చు దూలము లోపల గుల్ల కావచ్చును. కావున ఇంట బాగుచేయువారు మొదట సన్నని మొనగల పనిముట్టుతో అడుగు మూలలను, చక్రముల పై వంపులను గ్రుచ్చి చూతురు. మెత్తగా దిగినచో అచట చేవ లేదన్నమాట. పుట్టీ పెట్టి రంగు పూయుట రోగమును దాచుటయే.

కుళ్ళిన భాగమును తీయుటకు ముందు పైకప్పునకు ఊతము పెట్టవలెను. లేనిచో చట్రము జారి తలుపులు మరల సరిగా పడవు. తీసిన పాత ముక్కను పాఱవేయరాదు. క్రొత్త ముక్కకు అదియే కొలత. కుళ్ళు కొద్దిమేరకే యున్నచో మంచి కఱ్ఱ తగులువరకు కోసి, ఏటవాలుగా అతుకు వేయుదురు. అంగుళము మందమునకు ఎనిమిది అంగుళముల వాలుండుట మేలు. నీటికి విడని జిగురును, త్రుప్పుపట్టని మరమేకులను వాడవలెను. పొడికఱ్ఱ కొసలు నీటిని అధికముగా పీల్చును గావున, కూర్పునకు ముందే వాటికి వార్నిషు పట్టింపవలెను. నీరు కాఱు రంధ్రములను మూయరాదు.

బ్రిటనులో 2018 నుండి నలువది యేండ్లు దాటి, పెద్ద మార్పులు చెందని కార్లకు వార్షిక పరీక్ష తప్పనిసరి కాదు. కుళ్ళును కనిపెట్టు బాధ్యత యిప్పుడు యజమానిదే. ఇంతలో ఆ చెట్టుకే ఆపద వచ్చినది. ఆష్‌ను ఎండబెట్టు ఒక బూజుతెగులు 2012లో బ్రిటనులో కనబడి నానాట వ్యాపించినది. కఱ్ఱయు, దానిని కోయనేర్చిన చేయియు రెండును కాపాడదగినవే.

ఇన్ని దూలములు మార్చిన పిమ్మట అది పాత కారేనా యని కొందఱు ప్రశ్నింతురు. పురీ జగన్నాథుని రథమును ఏటేట క్రొత్త కఱ్ఱతో నిర్మింతురు. అయినను నందిఘోషము నందిఘోషమే. కొలత తప్పక, పని మఱవక చేయువారున్నంతకాలము ట్రావెలర్ కూడ ట్రావెలర్‌గానే నిలుచును.