పటంలో చెట్టుకు చోటు

హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక ముసలి చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తినప్పుడు 150 మందికి పైగా దాని కొమ్మలెక్కి బతికారు. ఇప్పటి ఆసుపత్రి భవనం అప్పటికింకా కట్టలేదు. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు, నగరాన్ని చక్కదిద్దడానికి ఒక మండలిని పెట్టారు. నదికి కట్ట పడింది, వీధికి కొలత వచ్చింది. చెట్టుకు మాత్రం నగరపు పటంలో చోటు దొరకడానికి చాలా కాలం పట్టింది. మన దగ్గర ఇప్పటికీ సరిగా దొరకలేదు.

పల్లెలో రచ్చబండ మీది రావిచెట్టుకు ఏ చట్టమూ అక్కర్లేకపోయింది. రావికీ వేపకూ పెళ్లి చేసి, చుట్టూ అరుగు కట్టి, పసుపు కుంకుమలు పెట్టాక దాని మీద గొడ్డలి వేయడానికి ఎవరికీ చెయ్యి రాదు. నగరంలో ఆ కట్టుబాటు నిలవదు. స్థలం చేతులు మారుతుంది, కొన్నవాళ్లకు చెట్టు కింది నేల గజాల లెక్కలోకి వస్తుంది. ఊరి కట్టుబాటు చేసిన పనిని నగరంలో ప్రణాళికా నిబంధన చేయాలి.

ఈ ఆలోచన బ్రిటన్‌లో ముందు రూపు కట్టింది. 1932 నాటి పట్టణ ప్రణాళికా చట్టం చెట్ల రక్షణను ప్రణాళికల్లో చేర్చే వీలిచ్చింది. 1947 చట్టంతో ఏ ఒక్క చెట్టుకైనా స్థానిక సంస్థ పరిరక్షణ ఉత్తర్వు ఇవ్వగల స్థితి వచ్చింది. చెట్టు ఎక్కడుందో పటంలో గుర్తు పెడతారు. అది సొంత పెరట్లోదైనా సరే, అనుమతి లేకుండా నరకడం నేరం. ఇక్కడ నాకు గొప్పగా కనిపించేది గీటురాయి. కలప ఎంత పలుకుతుందని కాదు, చుట్టుపక్కల జనానికి ఆ చెట్టు ఏమిస్తోందని చూశారు.

ఐదేళ్లకే ఆ పద్ధతి మన దేశానికి వచ్చింది. పంజాబ్ కొత్త రాజధానిగా చండీగఢ్ కడుతున్నప్పుడు, ఆ రాజధాని నిర్మాణం కోసం తెచ్చిన 1952 చట్టం కిందే చెట్ల పరిరక్షణ ఉత్తర్వు వెలువడింది. ఏ దారి పొడవునా ఏ జాతి పూలచెట్లు నాటాలన్నది ఎం.ఎస్. రంధావా వంటి వృక్షప్రేమికులు ఆలోచించి తేల్చారు. ఇల్లు కట్టకముందే చెట్టు గురించి ఆలోచించిన నగరం అది. తర్వాత చండీగఢ్ మాస్టర్ ప్లాన్-2031 మరో మెట్టు ఎక్కి, 31 చెట్లను వారసత్వ వృక్షాలుగా పేర్కొంది.

ఆ జాబితాలోని ఒక చెట్టు కథ చెప్పకుండా ముందుకు వెళ్లలేను. 2022 జులైలో ఒక పాఠశాల ఆవరణలో రెండున్నర శతాబ్దాలదని చెప్పుకొనే రావిచెట్టు కూలి, ఒక విద్యార్థిని ప్రాణం తీసింది. చెట్టును జాబితాకెక్కించి చేతులు దులుపుకుంటే ఏమవుతుందో ఆ రోజు తెలిసింది. వారసత్వ వృక్షమని ప్రకటించడమంటే ఏటా దాని వేళ్లను, బోదెలోని డొల్లను, వంగిన కొమ్మలను తెలిసినవాళ్లు పరీక్షించే బాధ్యత నెత్తికెత్తుకోవడం. ఆ బాధ్యతకు మనిషినీ డబ్బునూ కేటాయించని గుర్తింపు ప్రమాదకరం.

మిగతా ప్రాంతాలు వేరే దారి పట్టాయి. మహారాష్ట్ర 1975లో, కర్ణాటక 1976లో, ఢిల్లీ 1994లో చెట్ల చట్టాలు తెచ్చాయి. అన్నిటి మూలసూత్రం ఒకటే: నరకాలంటే అధికారి అనుమతి కావాలి, బదులుగా మొక్కలు నాటాలి. ఇందులో లెక్క ఉంది, చెట్టును గుర్తుపట్టడం లేదు. వందేళ్ల మర్రికీ నిన్న మొన్నటి చెట్టుకూ ఒకే దరఖాస్తు. ముంబైలోని ఆరేలో 2019 అక్టోబరులో రాత్రివేళ మొదలైన నరికివేతలో రెండు వేలకు పైగా చెట్లు నేలకొరిగాయి. సుప్రీంకోర్టు ఆపమనేసరికి నరికివేత చాలావరకు అయిపోయింది. 2021లో మహారాష్ట్ర తన చట్టాన్ని సవరించింది. 50 ఏళ్లు దాటిన చెట్టు వారసత్వ వృక్షమయింది. దాన్ని కొట్టేస్తే దాని వయసెంతో అన్ని మొక్కలు నాటాలి. చట్టం మొదటిసారి చెట్టును వయసు అడిగింది.

ఆ ఏడాదే సుప్రీంకోర్టు నియమించిన నిపుణుల సంఘం నివేదిక కూడా చర్చకొచ్చింది. బెంగాల్‌లోని జెస్సోర్ రోడ్డు చెట్ల కేసు అది. ఆ సంఘం చెట్టు వయసులో ఏడాదికి 74,500 రూపాయల చొప్పున విలువ కట్టింది, అందులో 45,000 ప్రాణవాయువుకే. అయినా 2023లో ఆ చెట్ల నరికివేతకు అనుమతి వచ్చింది. విలువ కట్టినంత మాత్రాన రక్షణ రాదు.

ఇక మన వాల్టా. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం అది. రైతుకు వాల్టా అంటే బోరు అనుమతి. అందులో చెట్లున్నాయన్న సంగతి చాలామందికి తెలియదు. ఇదీ అనుమతుల చట్టమే. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపినప్పుడు, అనుమతి తీసుకున్నారా అన్న ప్రశ్నే ముందుకొచ్చింది. చేవెళ్ల దారిలో తొమ్మిది వందలకు పైగా ఉన్న మర్రిచెట్ల కోసం పౌరులు హరిత ట్రిబ్యునల్ మెట్లెక్కారు. రహదారి నమూనా గీసే రోజునే ఆ మర్రులు పటంలో ఉండి ఉంటే, అన్నేళ్ల పోరాటం అవసరమయ్యేదా?

పటంలో ప్రకృతికి చోటివ్వడం మనకు చేతకానిదేమీ కాదు. హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ నిబంధనల్లో 1995లో చేరిన 13వ నిబంధన కింద పాత భవనాలతో పాటు కొన్ని రాతిగుట్టలను కూడా వారసత్వ జాబితాలో చేర్చారు. 2015లో ఆ నిబంధనను తీసేశారు, 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. బండరాయి వారసత్వమైనప్పుడు, గోల్కొండ నయా ఖిలాలోని ఏనుగంత బోదె ఉన్న బావోబాబ్ చెట్టు కూడా వారసత్వమే. ఒక్కో చెట్టుకు పేరు, సర్వే నంబరు, చుట్టుకొలత, వేళ్లు పాకిన మేర ప్రణాళికలోనే రాసి, ఆ మేరలో తవ్వకమూ సిమెంటూ నిషేధించాలి. చెట్టును పెకలించి వేరేచోట నాటడాన్ని దీనికి ప్రత్యామ్నాయంగా నేను ఒప్పుకోను. చింతచెట్టు మూసీ ఒడ్డున ఉంది కాబట్టే ఆ 150 మందికి అందింది.

మాస్టర్ ప్లాన్ ముసాయిదాను ఖరారు చేసేముందు జనం అభ్యంతరాలూ సూచనలూ అడుగుతారు. మీ ఊరిది బయటికొచ్చిన రోజున ఆ పటంలో మీ వీధి చెట్టు కోసం వెతకండి. కనిపించకపోతే, అది ఎక్కడుందో, ఎంత లావుందో కాగితం మీద రాసి గడువులోగా ఇచ్చి, రసీదు తీసుకోండి.