నవంబరు 1ని ఎంచుకున్నదెవరు?

పత్రికల్లో ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షిక కింద నవంబరు 1 వచ్చిందంటే కవి కృష్ణశాస్త్రి జననం (1897), ఆంధ్రప్రదేశ్ అవతరణ (1956), హర్యానా ఏర్పాటు (1966), ఛత్తీస్‌గఢ్ ఆవిర్భావం (2000) వరసగా కనిపిస్తాయి. అన్నిటికీ తలా ఒక వాక్యం. కానీ వీటి స్వభావం ఒకటి కాదు. కవి ఆ రోజున పుట్టడం కేవలం కాకతాళీయం. రాష్ట్రాలు ఆ రోజున పుట్టింది చట్టం అలా నిర్ణయించినందువల్ల. ఏ తేదీనైనా ఎవరు, ఎందుకు ఎంచుకున్నారో ఆరా తీసినప్పుడే అది చరిత్రకు పనికొస్తుంది.

తెలుగువారి పోరాటానికి సొంత తేదీలున్నాయి. పొట్టి శ్రీరాములు 58 రోజుల నిరాహార దీక్ష తర్వాత 1952 డిసెంబరు 15న ప్రాణాలు విడిచారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ తర్వాతి దారి అంత సూటిగా సాగలేదు. తెలంగాణ ప్రాంతాన్ని హైదరాబాదు రాష్ట్రంగా విడిగానే ఉంచాలనీ, 1961 ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటేనే ఆంధ్రతో కలపాలనీ రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణపై వేసిన ఫజల్ అలీ కమిషన్ 1955లో సూచించింది. అంతదాకా ఆగకుండా 1956 ఫిబ్రవరి 20న విలీనం గురించి ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. ఆ ఏడాది వచ్చిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం దేశాన్ని 14 రాష్ట్రాలుగా, 6 కేంద్రపాలిత ప్రాంతాలుగా సర్దింది. ఆంధ్రప్రదేశ్‌తో పాటు కేరళ, విస్తరించిన మైసూరు, కొత్త మధ్యప్రదేశ్‌లకు కూడా నవంబరు 1నే ముహూర్తం. అంటే అది దేశమంతటికీ ఢిల్లీ ఒకేసారి పెట్టిన అమలు తేదీ.

పాలనా సౌలభ్యం కోసం పెట్టిన తేదీకి ఇంత విచారణ దేనికని ఎవరైనా అడగవచ్చు. తేదీ ఎంపికలో ఉద్దేశం ఉంటే ఏమవుతుందో జార్ఖండ్ చూపిస్తుంది. 2000లో ఆ రాష్ట్రం ఏర్పడిన నవంబరు 15 ఆదివాసీ నాయకుడు బిర్సా ముండా జయంతి. అక్కడ పుట్టినరోజు, రాష్ట్రావతరణ పక్కపక్కన చేరింది కావాలనే. నవంబరు 1కి అలాంటి అర్థమేదీ పుట్టుకతో రాలేదు కాబట్టి తర్వాత ఎవరి అనుభవం వారు దానికి జతచేశారు. కన్నడిగులకు అది రాజ్యోత్సవం. 1973లో మైసూరు కర్ణాటకగా పేరు మార్చుకున్నదీ ఆ రోజునే. తెలంగాణ ఉద్యమకారులకు అది విద్రోహ దినం. 2014 విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో అధికారికంగా ఆగిపోయిన అవతరణ వేడుకలు 2019లో తిరిగి మొదలయ్యాయి.

అలాగైతే ఈ తేదీకి విలువ లేనట్టేనా అంటే, కాదు. జనం తర్వాత ఇచ్చుకున్న అర్థాలు కూడా చరిత్రకు ఆధారాలే. ఎటొచ్చీ, వాటిలో ఒకదాన్నే ఏరి అదే అసలు చరిత్ర అనడం సరికాదు. ఒకే ఒప్పందం ఒకరికి ఐక్యతగా, మరొకరికి మాట తప్పడంగా ఎందుకు కనిపించిందో చెప్పగలిగితేనే ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షిక పాఠకుడికి ఉపయోగపడుతుంది. అవతరణ, విద్రోహం అన్న రెండు మాటలూ అందులో పక్కపక్కనే ఉండాలి.