ట్రాన్స్‌పాండర్ (చిన్న విమానాల్లో)

ట్రాన్స్‌పాండర్ విమానంలో ఉండే ఒక రేడియో పరికరం. నేల మీది రాడార్ 1030 మెగాహెర్ట్జ్ మీద అడిగే ప్రశ్నను అందుకుని 1090 మెగాహెర్ట్జ్ మీద జవాబు పంపుతుంది. మామూలు రాడార్ తెర మీద విమానం పేరూ ఊరూ లేని చుక్క. ట్రాన్స్‌పాండర్ ఆన్ చేస్తే ఆ చుక్క పక్కన నాలుగంకెల కోడూ, ఎత్తూ కనిపిస్తాయి. రెండు సీట్ల సెస్నా 152లోనైనా, పెద్ద ఎయిర్‌బస్‌లోనైనా సూత్రం ఒకటే.

ప్రధానంగా అడిగితే చెప్పే పరికరం ఇది. అడిగే రాడార్ చూపు ఆనని చోట ఎంత ఖరీదైన ట్రాన్స్‌పాండరైనా దానికి జవాబు చెప్పలేదు. ఖమ్మం, భద్రాచలం అడవుల మీదుగా తక్కువ ఎత్తులో ఎగిరే చిన్న విమానాలకూ హెలికాప్టర్లకూ ఎదురయ్యే చిక్కంతా ఇక్కడే ఉంది.

పుట్టుక

దీని పుట్టుక రెండో ప్రపంచ యుద్ధకాలంలో. బ్రిటన్ తీరం వెంట నిలబెట్టిన చెయిన్ హోమ్ రాడార్లు వచ్చే విమానాన్ని పసిగట్టేవి గాని, అది తమదో జర్మనీదో చెప్పలేకపోయేవి. అందుకని తమ విమానాల్లో జవాబు పెట్టెలు అమర్చారు. వాటికి ఐఎఫ్ఎఫ్ అని పేరు. యుద్ధం ముగిశాక అదే పద్ధతి పౌర విమానాలకు వచ్చి సెకండరీ రాడార్ అయింది. 1956లో అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ మీద రెండు ప్రయాణికుల విమానాలు ఢీకొని 128 మంది చనిపోవడంతో ఆకాశాన్ని రాడార్లతో కాపలా కాయాలన్న ఒత్తిడి పెరిగింది.

కోడులో నాలుగు స్థానాలు, ఒక్కో దాంట్లో 0 నుంచి 7 వరకే అంకెలు. అంటే మొత్తం 4096 కోడ్లు. 7500 హైజాక్‌కు, 7600 రేడియో చెడినప్పుడు, 7700 అత్యవసర పరిస్థితికి. కోడు మాత్రమే చెప్పేది మోడ్ ఎ, ఎత్తు చెప్పేది మోడ్ సి. 1970లలో అమెరికాలోని ఎంఐటీ లింకన్ లేబొరేటరీలో రూపుదిద్దుకున్న మోడ్ ఎస్‌లో ప్రతి విమానానికీ 24 బిట్ల సొంత చిరునామా ఉంటుంది. భారతదేశానికి కేటాయించిన వరుస 800000 నుంచి 83ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ వరకు.

చిన్న విమానాల యజమానులు దీన్ని సంతోషంగా కొనుక్కున్నారనుకోకూడదు. ఖర్చు, బరువు, నిబంధనల గోల అని చాలాకాలం సణిగారు. 1986 ఆగస్టు 31న లాస్ ఏంజెలెస్ దగ్గర సెరిటోస్ మీద ఏరోమెక్సికో డీసీ-9ను ఒక పైపర్ విమానం ఢీకొంది. నేల మీద ఉన్నవారితో కలిపి 82 మంది పోయారు. పైపర్‌లో ట్రాన్స్‌పాండర్ ఉంది, కానీ ఎత్తు చెప్పే మోడ్ సి లేదు. అమెరికాలో రద్దీ విమానాశ్రయాల చుట్టూ మోడ్ సి నిబంధన మరింత విస్తరించింది ఆ తర్వాతే.

మన దేశానికి ఆ పాఠం 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద వచ్చింది. సౌదీ బోయింగ్ 747, కజకిస్తాన్ ఇల్యూషిన్ 76 ఢీకొని 349 మంది చనిపోయారు. ఆ రోజుల్లో ఢిల్లీ కంట్రోలర్ల ముందున్నది చుక్కలు చూపే ప్రైమరీ రాడార్. ఎత్తు ఎంతో పైలట్ నోటి మాట మీదే నమ్మాలి. 15,000 అడుగుల దగ్గర ఆగాల్సిన ఇల్యూషిన్ ఇంకా కిందికి దిగింది. 14,000లో సౌదీ విమానం ఎదురొచ్చింది. జస్టిస్ లహోటీ విచారణ తర్వాత, విమానాలు ఢీకొనకుండా ముందే హెచ్చరించే ఏకాస్ పరికరం మన ఆకాశంలో పెద్ద విమానాలకు తప్పనిసరి అయింది. ఏకాస్ పనిచేసేది ఎదుటి విమానపు ట్రాన్స్‌పాండర్ జవాబు విని. కాబట్టి చిన్న విమానంలోని ట్రాన్స్‌పాండర్ పక్కనున్న పెద్ద విమానానికి కూడా కాపలాయే.

ఇక సైనిక విమానాల ఐఎఫ్ఎఫ్ పరికరాలకు తెలుగునాట చిరునామా హైదరాబాద్ బాలానగర్. అక్కడ ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్ఏఎల్ ఏవియానిక్స్ విభాగం 1965లో మొదలైంది.

అమరిక

ట్రాన్స్‌పాండర్ పెట్టె ప్యానెల్‌లో రేడియోల వరుసలోనే కూర్చుంటుంది. ముందుగా ఒక రేకు ట్రే బిగించి, అందులోకి పెట్టెను జారుస్తారు. వెనుక కనెక్టర్ కూర్చుంటే కరెంటు, ఎత్తు చెప్పే ఎన్‌కోడర్, యాంటెన్నా మూడూ అందుతాయి. పూర్తిగా లోపలికి జారక మిల్లీమీటరు వెలితి మిగిలినా పరికరం ఉన్నట్టే ఉండి పనిచేయదు. అనుభవం ఉన్న మెకానిక్ ముందు అక్కడే వేలు పెట్టి చూస్తాడు.

యాంటెన్నా విమానం పొట్ట కింద ఉంటుంది. పావు తరంగం పొడవు కనుక ఏడు సెంటీమీటర్లకు కాస్త తక్కువ. దాని చుట్టూ లోహపు రేకు ఉండాలి. ఫైబర్ విమానమైతే లోపలి వైపు రేకు అతికించాలి. దూరం కొలిచే డీఎంఈ పరికరపు యాంటెన్నా దగ్గర పెడితే రెండూ ఒకదాన్నొకటి చెడగొడతాయి. కోయాక్స్ కేబులు పొట్టిగా, మలుపులు విశాలంగా ఉండాలి. ఇంజన్ నూనె కారి యాంటెన్నా మీద మడ్డి పేరుకోవడం ట్రైనింగ్ విమానాల్లో రోజూ చూసేదే. గుడ్డతో తుడిస్తే తీరే లోపానికి పెట్టె మార్చమనేవాళ్లూ ఉంటారు.

అసలు మెలిక ఎన్‌కోడర్‌లో ఉంది. ఆల్టీమీటరుకు వెళ్లే స్టాటిక్ గొట్టంలో ఒక పాయ తీసి దీనికి కలుపుతారు. అది గాలి ఒత్తిడిని 1013.25 హెక్టోపాస్కల్స్ ప్రమాణంతో కొలిచి ఎత్తు చెబుతుంది. పైలట్ తన ఆల్టీమీటరులో ఒత్తిడి ఎంత తిప్పినా ఎన్‌కోడర్ చెప్పే అంకె మారదు. సవరణ నేల మీది కంప్యూటరు చేసుకుంటుంది. కొత్త విద్యార్థులు ఇక్కడే తికమకపడతారు. గొట్టాన్ని విప్పి బిగించారు కనుక గాలి లీకు పరీక్ష తప్పదు. ఆల్టీమీటరుకూ ఎన్‌కోడర్‌కూ తేడా 125 అడుగులు దాటకూడదన్నది వాడుకలో ఉన్న ప్రమాణం.

పాత కింగ్ కేటీ 76ఎ పెట్టెల్లో ఒక ట్యూబు ఉండేది. అది వేడెక్కేదాకా జవాబు రాదు. వాటిలో కోడు మార్చేటప్పుడు పొరపాటున 7500 మీదుగా తిప్పి కంట్రోలర్‌ను కంగారు పెట్టకుండా ముందు స్టాండ్‌బైలో పెట్టడం మంచి అలవాటు. తర్వాత గార్మిన్ జీటీఎక్స్ 327 వంటివి ట్యూబు లేకుండా, అంకెల మీటలతో వచ్చాయి. మోడ్ ఎస్ పెట్టెలో 24 బిట్ల చిరునామా, విమానం రకం, గరిష్ఠ వేగం ముందే నింపాలి. అమ్మేసిన విమానంలోంచి పీకిన పెట్టెను పాత చిరునామాతోనే బిగిస్తే ఆకాశంలో ఒకే పేరుతో ఇద్దరు తయారవుతారు.

భారతదేశంలో ఈ పనికి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదించిన డ్రాయింగులు, లైసెన్సు ఉన్న ఇంజనీరు సంతకం కావాలి. రేడియో లైసెన్సు టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇస్తుంది.

అడవి అంచున

భద్రాచలం హైదరాబాద్‌కు తూర్పున, విశాఖపట్నానికి పడమర, గీత గీసినట్టు చూస్తే రెండింటికీ సుమారు 250, 260 కిలోమీటర్ల దూరంలో ఉంది. రాడార్ చూపు దాదాపు తిన్నగా పోతుంది, భూమి వంపు దాన్ని ఆపేస్తుంది. చదును నేల మీద లెక్కేస్తే 3,000 అడుగుల ఎత్తులోని విమానం సుమారు 125 కిలోమీటర్లు దాటాక రాడార్‌కు అందదు. 35,000 అడుగుల్లో పోయే జెట్ విమానం 400 కిలోమీటర్లు దాటినా కనిపిస్తుంది. కాబట్టి రామాలయం మీదుగా పోయే పెద్ద విమానాలు తెర మీద స్పష్టంగా ఉంటాయి. గోదావరి పక్కన మబ్బుల కింద పోయే హెలికాప్టర్ ఆ నగరాల రాడార్లకు కనపడదు. కొండలు అడ్డొస్తే చూపు ఇంకా తగ్గుతుంది.

2008 ఆగస్టు 3న హైదరాబాద్ నుంచి ఛత్తీస్‌గఢ్ వెళుతున్న బెల్ 430 హెలికాప్టర్ నలుగురితో సహా మాయమైంది. వానాకాలం, దట్టమైన అడవి, మావోయిస్టుల ప్రాంతం. ఎంత గాలించినా జాడ తెలియలేదు. చివరికి నవంబరులో ఖమ్మం జిల్లా సరిహద్దు అడవి కొండల్లో శకలాలు దొరికాయి. ఏడాది తర్వాత, 2009 సెప్టెంబరు 2న, అదే రకం హెలికాప్టర్ నల్లమలలో పావురాలగుట్ట దగ్గర కూలి అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి సహా ఐదుగురు మరణించారు. దేశమంతా కళ్లు పెట్టి వెతికితే మర్నాడు దొరికింది.

ఇప్పుడు విమానమే జీపీఎస్ స్థానాన్ని తనంతట తాను చాటే ఏడీఎస్-బీ వచ్చింది. అమెరికాలో 2020 జనవరి 1 నుంచి చాలా ఆకాశంలో అది తప్పనిసరి. మన దేశంలోనూ పలు విమానాశ్రయాల్లో దాన్ని వినే కేంద్రాలు పెట్టారు. కానీ నేల మీది కేంద్రానికి కూడా కొండ అడ్డమే. 2019 నుంచి ఉపగ్రహాలు ఆ సంకేతాలను వింటున్నాయి గాని, పొట్ట కింద ఒక్క యాంటెన్నా ఉన్న చిన్న విమానం గొంతు పైకి సరిగా చేరదు.

పైగా కూలాక ట్రాన్స్‌పాండర్ పని ముగిసినట్టే. అప్పుడు పిలిచేది ఈఎల్‌టీ అనే వేరే పరికరం. పాత 121.5 మెగాహెర్ట్జ్ సంకేతాలను ఉపగ్రహాలు వినడం 2009 ఫిబ్రవరి 1న ఆగిపోయింది. ఇప్పుడు ఉపగ్రహాలు వినేది 406 మెగాహెర్ట్జ్ మాత్రమే. భద్రాచలం అడవి మీదుగా తక్కువ ఎత్తులో వెళ్లేవారు ట్రాన్స్‌పాండర్ కంటే ముందు చూసుకోవలసింది ఈఎల్‌టీ బ్యాటరీ గడువునే.