అరకు లోయకు దారులు

విశాఖపట్టణపు సముద్రతీరమునుండి వాయవ్యదిశగా బాటవెంబడి సుమారు 70 మైళ్లు పోయినచో అరకు లోయ వచ్చును. లోయ యని పేరేగాని, యది సముద్రమట్టమునకు 3,000 అడుగుల యెత్తున నున్న బయలు. చుట్టును గాలికొండ, రక్తకొండ, సుంకరిమెట్ట మున్నగు కొండలు ప్రాకారమువలె నిలిచియున్నవి. మనమున్నది ఉష్ణమండలమను సంగతి, పుష్యమాసపు తెల్లవారుజామున అచ్చటి మంచులో నిలిచినవానికి జ్ఞప్తికి రాదు.

ఈ లోయనుగూర్చి మాటాడువారు సాధారణముగా ఆ మంచును, వలిసెపూలను, జలపాతములను వర్ణింతురు. నేనా పనికి పూనుకొనను. మంచునకు చరిత్ర లేదు. చరిత్ర యున్నది దారులకు. కొండ నెవరెక్కిరి, ఎందులకెక్కిరి, దిగునపుడేమి కొనిపోయిరి అని విచారించినచో అచ్చటివారి బ్రతుకు చాలవరకు బోధపడును.

మొదట ఉప్పు దారి. కొండమీద సామలు, చోళ్లు, కొఱ్ఱలు పండును. పసుపు, పిప్పళ్లు, చింతపండు దొరకును. ఉప్పు మాత్రము దొరకదు. పూర్వము బ్రింజారీలు ఎద్దుల వీపులపై ఉప్పుబస్తాలు వేసి, తీరమునుండి కనుమల నెక్కి జయపురము వైపునకు పోవుచుండిరి. గదబలు, పోర్జలు, కొండదొరలు, కోటియాలు, బగతలు, వాల్మీకులు, ఇట్లెన్నియో తెగలవారు తమ తమ భాషలను ఇండ్లయందుంచి, ఒరియా కలిసిన యొక సంతభాషతో బేరమాడువారు. బేరమనుట కూడ అతిశయోక్తియే. ఉప్పు తెచ్చినవానికి క్రింది ధర తెలియును. పసుపు తెచ్చినవానికి ఇంట ఉప్పు లేదని మాత్రమే తెలియును. ఆ తెలివిలోని భేదమే అప్పుగా మారినది. అప్పు పొలముగా మారినది.

అయినను చాలకాలము క్రిందివారు పెద్దసంఖ్యలో పైకెక్కి నిలువలేదు. కారణము మన్యపు జ్వరము. ఒక విధముగ చూచిన, ఆ దోమ కొండవాని భూమికి చేసిన రక్షణ పెక్కు చట్టములు చేయజాలకపోయినవి. కాని అది కొండవాని బిడ్డను గూడ విడువలేదు.

ఎక్కవలసిన అధికారులు మాత్రము ఎక్కక తప్పలేదు. వారెక్కినది గదబల భుజములమీద. గదబ స్త్రీలు చెట్లనార వడికి, తమ మగ్గములమీద తామే చారలచీరలు నేసికొనుటకు, ఇత్తడితీగెతో చేసిన పెద్ద కుండలములకు ప్రసిద్ధికెక్కిరి. పురుషులు పల్లకి మోయుటకు ప్రసిద్ధికెక్కిరి. పల్లకి మోయు గదబ గుఱ్ఱమును ముట్టడని పాతకాలపు పరిశీలకులు వ్రాసియున్నారు. గుఱ్ఱము తన వృత్తికి పోటీ యట! ఇందు నవ్వుటకేమున్నది? మోటారు వచ్చినపుడు మన పట్టణములలోని జట్కావాండ్రును అట్లే యనుకొనియుందురు.

1839లో చేసిన 24వ చట్టముచే ఈ కొండ ప్రాంతములు సామాన్య న్యాయస్థానముల పరిధినుండి తొలగింపబడి, గవర్నరు ఏజంటు అను హోదాలో కలెక్టరు పాలనక్రిందికి వచ్చినవి. మన్యమును నేటికిని ‘ఏజెన్సీ’ యని పిలుచుట అందువలననే. గ్రామములు ముఠాలుగా ముఠాదారుల చేతిలో నుండెను. ఇదంతయు కాగితముమీది కథ. కొండవాడు ప్రభుత్వమును ముఖాముఖి చూచినది అడవి కట్టుబాట్లలోను, బాటపనులలోను.

ఆ బాటపనులనుగూర్చి కొంత ఆగి చెప్పవలెను. అరకునకు నైరుతిగా, ఇదే కొండల వరుసలో, చింతపల్లి, గూడెము ప్రాంతమున్నది. పోడు వ్యవసాయముపై పెట్టిన నిర్బంధములతో అక్కడివారు అప్పటికే విసిగియుండిరి. నర్సీపట్టణమునుండి లంబసింగి మీదుగా చింతపల్లికి బాట వేయించుటకై, గూడెము డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ వారిచేత వెట్టికి సమానమైన కూలికి పనిచేయించెను. 1922 ఆగష్టు 22వ తేదీన అల్లూరి సీతారామరాజు తన దండుతో చింతపల్లి పోలీసుఠాణాపై పడి తుపాకులు తీసికొనిపోయెను. 1924 మే 7వ తేదీన ఆయనను కాల్చిచంపిరి. మనము వీరుని స్మరించుచున్నాము, అది యుచితమే. ఆయన వెనుక నడచినవారి చేతులలో బాటరాళ్లు కొట్టిన బొబ్బలుండెనను సంగతి మాత్రము అంతగా స్మరింపము.

ఆ పితూరీకి 5 ఏండ్లు ముందే, 1917లో, వడ్డీని, భూమి బదిలీని నియమించు చట్టము వచ్చియున్నది. వడ్డీ సాలునకు నూటికి 24 మించరాదు. మొత్తము వడ్డీ అసలును దాటరాదు. ఏజంటు అనుమతి లేనిదే కొండవాని భూమి కొండవాడు కానివానికి పోరాదు. చక్కని మాటలు. కాని ఆ చట్టమును చదువగలవాడు షావుకారు. దానివలన మేలు పొందవలసినవాడు నిరక్షరాస్యుడు. 1959లో మఱియొక నిబంధన వచ్చెను. 1970లో దానిని సవరించి, ఏజెన్సీలో గిరిజనేతరుని చేతనున్న భూమి గిరిజనునినుండి వచ్చినదే యని భావింపవలెననియు, కాదని ఋజువు చేయుభారము అతనిదే యనియు శాసించిరి. అప్పటికి కాని చట్టమునకు పండ్లు రాలేదు.

ఈ నడుమ రైలు వచ్చెను. బస్తరులోని బైలదిల్లా ఇనుపరాయిని విశాఖ రేవునకు దింపి జపానునకు పంపుటకై, ఆ దేశపు సహాయముతోనే, 1960 తరువాతి దశాబ్దములో కొత్తవలసనుండి కిరండూలు వరకు మార్గము వేసిరి. దీనికి 58 సొరంగములు. శిమిలిగూడ స్టేషను 996 మీటర్ల యెత్తున నున్నది. శ్రోతలు గమనింపవలెను: రాయి అరకుది కాదు, అది చేరుచోటు అరకు కాదు, త్రోవలో మాత్రము అరకున్నది. అయినను అదే పట్టాలమీద ప్రయాణికుల బండియు ఎక్కినది. ఆసుపత్రికి, కళాశాలకు పోవు కొండవారును అందులో ఎక్కిరి. కొండమీద స్థలముకై వెదకువారును ఎక్కిరి.

కొండలోని రాతికి గూడ గిరాకి కలిగెను. బొఱ్ఱా గుహల చుట్టుపట్ల, అనంతగిరి మండలములో, గనుల కౌళ్లు బయటివారికి ఇచ్చుటపై సమత యను సంస్థ వ్యాజ్యము వేయగా, 1997 జులై 11వ తేదీన సుప్రీముకోర్టు, గిరిజన ప్రాంతమున ప్రభుత్వ భూమినైనను గిరిజనేతరులకు కౌలుకీయరాదని తీర్పు చెప్పినది. భూమిని గిరిజనేతరునికి ఇయ్యగూడని ‘వ్యక్తి’ యను మాటలో ప్రభుత్వమును చేరునని దాని సారాంశము. సర్కారును కొండవాని పొరుగువానితో సమానముగ నిలిపిన ఈ వాక్యము నాకు మిక్కిలి ఇష్టము.

కాఫీ కథ వేఱు. 19వ శతాబ్దాంతమున గోదావరి మన్యమునకు వచ్చిన ఆ మొక్క క్రమముగా ఇటు ప్రాకినది. మొదట అది దొరల తోట, తరువాత అటవీశాఖ తోట. కొండవాడు అందు కూలి. తన ఎకరములో, సిల్వరు ఓకు నీడను, ఆ చెట్లకే మిరియపు తీగెను ప్రాకించి, తన మొక్కను తానే పెంచుకొన్న పిమ్మటనే సంగతి మారినది. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించెను. అంతకు 2 ఏండ్లు ముందే అరకు పేరుతో పారిస్ నగరమున ఒక కాఫీ అంగడి తెరచిరి. 1956లో నెలకొల్పబడిన గిరిజన సహకార సంస్థ గింజలు కొనుచున్నది. ఒక సంతలో నేను చూచితిని: వర్తకుడు చెప్పిన ధర విని యొక వృద్ధురాలు, “మొన్న సొసైటీ బాబులు చెప్పిన ధర ఇది కాదు గదా నాయనా” అని, సంచిమూతి ముడివేసికొని లేచిపోయినది. ఉప్పు దారి నాటినుండి ఆ మాట కొఱకే కొండ కనిపెట్టుకొనియున్నదని నాకు తోచినది.

2022లో అల్లూరి సీతారామరాజు పేరనే జిల్లా యేర్పడి, పాడేరు దానికి ముఖ్యపట్టణమైనది. అయినను పెద్దబాట దిగి కొండవాలు గూడెములకు పోయినచో డోలీ కనబడును. కఱ్ఱకు దుప్పటి కట్టి, పురుటినొప్పులు పడు స్త్రీని అందులో పరుండబెట్టి, మోటారు వచ్చుచోటివరకు మోసికొనివత్తురు. ఒకప్పుడు అధికారులను పైకి మోసిన భుజములు ఇప్పుడు తమ ఆడువారిని క్రిందికి మోయుచున్నవి. రాతికొఱకు 58 సొరంగములు త్రవ్విన కొండలలో తల్లికొఱకు 4 మైళ్ల బాట కష్టమైనది.

ఇటీవల గూడెములకు బాటలు పడుచున్నవి. ప్రభుత్వముకొఱకు వేచియుండలేక, తామే చందాలు వేసికొని గునపములు పట్టి దారి చెక్కుకొన్న గ్రామములును కలవు. అట్టి దారి యొకదానిని నేను నడచి చూచితిని. ఆటో ఒకటి పట్టునంత వెడల్పు. మలుపులయందు రాళ్లు పేర్చిన గోడలు. పై గూడెములో నన్ను చూచి సర్కారు మనిషి యనుకొన్న పెద్దలడిగిన మొదటి ప్రశ్న, క్రింది వాగుమీద వానలకు ముందే వంతెన వేయుదురా యని.